మానలేకపోతున్నాడా, కుదురుగా ఉండలేకపోతున్నాడా?

డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చుకునేటప్పుడు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఎన్నేళ్లుగా తాగుతున్నారు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు తాగారు, పొద్దున్నే చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? పక్కన కూర్చున్న తల్లి మధ్యలో కల్పించుకుని, "చిన్నప్పట్నుంచీ వీడికి కుదురు లేదండీ, మొదలెట్టిన పని ఒక్కటీ పూర్తి చేయడు" అంటుంది. ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కదు. తల్లి గోడు కింద కొట్టుకుపోతుంది. నన్నడిగితే, ఆ గదిలో వైద్యానికి పనికొచ్చే సమాచారంలో అది ముఖ్యమైనది.

ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు చిన్నప్పట్నుంచీ వెంటాడే మానసిక సమస్యను ఏడీహెచ్‌డీ అంటారు. ఆ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది క్లాసులో కాలు నిలవని పిల్లాడు. వాడు పెద్దయ్యాక పరుగులు తగ్గుతాయి కానీ లోపలి అలజడి చాలామందిలో పోదు. కరెంటు బిల్లు కట్టడం మరిచిపోవడం, ఏ ఉద్యోగంలోనూ నిలవకపోవడం, ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే అందుకోవడం, కోపంలో రాజీనామా చేసి సాయంత్రానికి బాధపడడం. మామూలు జనాభాలో ఈ సమస్య ఉన్న పెద్దవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారని అంచనా. వ్యసనాల చికిత్సకు వచ్చినవాళ్లలో మాత్రం ఇది సుమారు 23 శాతమని 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. తర్వాత పలు దేశాల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో హంగేరీలో 5.4 శాతం, నార్వేలో 31.3 శాతం కనిపించింది. దేశాన్నీ, రోగులు వాడే మత్తునూ బట్టి అంకె ఇంతగా మారుతుంది కాబట్టి 23 శాతాన్ని మన ఊళ్లకు నేరుగా అంటించలేం. అయినా ఎంత తక్కువ లెక్క వేసినా, బయటి జనాభాతో పోలిస్తే సుమారు రెట్టింపైనా ఉంటుంది.

కారణం ఒకటే అని చెప్పలేం. ముందూ వెనకా చూడకుండా దిగిపోయే స్వభావం ఒకటి. ఫలితం ఇప్పుడే కావాలనిపించడం మరొకటి. సిగరెట్ వెలిగిస్తే కాసేపు మనసు నిలిచిందనీ, రాత్రి రెండు పెగ్గులు పడితే బుర్రలో రొద తగ్గిందనీ చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలన్నీ సాకులు కావు.

అలాగని వచ్చిన ప్రతివాడికీ ఈ ముద్ర వేయడం ఇంకో ప్రమాదం. తాగుడు మానిన మొదటి రోజుల్లో నిద్ర ఉండదు, చిరాకు, దేనిమీదా ధ్యాస నిలవదు. చూడ్డానికి అచ్చం ఏడీహెచ్‌డీలాగే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో తయారైన ఆరు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది. వ్యసన చికిత్సకు వచ్చినవాళ్లపై దాన్ని వాడి చూస్తే, సమస్య ఉండొచ్చని తేలినవాళ్లలో పూర్తి పరీక్ష తర్వాత నిజంగా ఉన్నది సుమారు నలుగురిలో ఒకరికే. లేదని తేలినవాళ్లలో మాత్రం నూటికి 97 మంది విషయంలో అది నిజమే. అంటే ఎవరిని పక్కన పెట్టొచ్చో చెప్పడానికి అది బాగా పనికొస్తుంది, రోగం నిర్ధారించడానికి కాదు. నిర్ధారణకు బాల్యం కావాలి. లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలన్నది 2013 నుంచి అమెరికా సైకియాట్రీ ప్రమాణం, అంతకుముందు ఏడేళ్లు. బడిలో దెబ్బలు తిన్నవాళ్లందరికీ ఏడీహెచ్‌డీ అనుకుంటే మా తరమంతా పేషెంట్లమే. అందుకే పక్కనున్న తల్లినో అక్కనో ఓపిగ్గా అడగాలి.

ఇక మందుల దగ్గరే అసలు తగాదా. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడేవి మెదడును చురుకుపరిచే ఉత్తేజక మందులు (స్టిమ్యులెంట్లు). మత్తుకు అలవాటుపడ్డవాడికి అలాంటివా అని డాక్టర్లే వెనక్కి తగ్గుతారు. భయం అర్థం లేనిది కాదు, ఆ మాత్రలు చేతులు మారతాయి. కానీ స్వీడన్‌లో జైలు నుంచి విడుదల కాబోతున్న, ఏడీహెచ్‌డీ కూడా ఉన్న 54 మంది ఆంఫెటమిన్ (ఉత్తేజాన్నిచ్చే ఒక మత్తుపదార్థం) బానిసలపై చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మందును రోజుకు 180 మిల్లీగ్రాముల దాకా, అంటే మామూలు కంటే చాలా ఎక్కువగా ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ల మూత్ర పరీక్షల్లో డ్రగ్స్ ఆనవాళ్లు తక్కువగా కనిపించాయి, చికిత్సలో ఎక్కువ కాలం నిలిచారు. మామూలు డోసులతో అంతకుముందు చేసిన ప్రయత్నాలు ఇంత ఫలించలేదు. చిన్న ట్రయల్, అందరూ మగవాళ్లే, పైగా జైలు కాపలాలో మొదలైంది. మన దగ్గర దాన్ని యథాతథంగా దించలేం. ఇక్కడ మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలున్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి. ఉత్తేజకం కాని, అలవాటుపడే భయం లేని ఆటమాక్సెటిన్ అనే ఏడీహెచ్‌డీ మందు దొరుకుతుంది, కానీ పని చేయడానికి వారాలు పడుతుంది. మద్యం మానినవాళ్లపై దాన్ని పరీక్షిస్తే ఏడీహెచ్‌డీ లక్షణాలూ, విపరీతంగా తాగే రోజులూ తగ్గాయి. మళ్లీ తాగుడు మొదలవడాన్ని మాత్రం వాయిదా వేయలేకపోయింది.

మందుల సంగతి ఎటు తేలినా, చికిత్స నడిపే తీరు మార్చడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఇప్పుడున్న పద్ధతి ఏమడుగుతుంది? గంటన్నర గ్రూపులో కదలకుండా కూర్చో. ఓపీలో నీ నంబరు వచ్చేదాకా ఆగు. పదిహేను రోజుల తర్వాత ఫలానా పూట మళ్లీ రా. మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకో. ఏడీహెచ్‌డీ ఉన్నవాడికి కష్టమైన పనులన్నీ ఏరి పెట్టినట్టే ఉంది. రెండోసారికి రాకపోతే 'సహకరించడం లేదు' అని రాస్తాం. ఇంట్లోవాళ్లు సంకల్పబలం లేదంటారు, ఊళ్లోవాళ్లు కొవ్వంటారు. మొదటి రోజునే ఆ ఆరు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉన్నవాళ్లకు గ్రూపును అరగంట చొప్పున విడగొట్టవచ్చు. వచ్చే తేదీ కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, ముందురోజు సాయంత్రం ఫోన్ చేయవచ్చు. మాత్రలు వారానికే ఇచ్చి, ఇంట్లో ఒకరి చేతిలో పెట్టవచ్చు. నిర్ధారణ కోసం సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ దొరకడానికి నెల పట్టినా, ఇవన్నీ రేపు పొద్దున్నే కౌన్సెలర్, నర్సు కలిసి మొదలుపెట్టగలిగిన పనులే.