సముద్రానికి మన బుకింగ్ సంగతి తెలియదా?

మాస్కు, గొట్టం పెట్టుకొని నీటిపై తేలుతూ కిందున్న చేపలను చూసే స్నార్కెలింగ్ కోసం వెచ్చని నీళ్లున్న తీరాలకు సెలవుపై వెళ్లే పౌరుడి ముందుచూపును లోకం తగినంతగా మెచ్చుకోవడం లేదన్నది నా ప్రధాన ఫిర్యాదు. అతడు నెలల ముందే విమానంలో కిటికీ పక్క సీటు పట్టుకుంటాడు, అలలు కనిపించే గదికి అదనంగా సొమ్ము కడతాడు, ఫోను తడవకుండా సంచి కొంటాడు, ఆ సంచి చిరిగితే వాడుకోవడానికి ఇంకో సంచి కూడా కొంటాడు. ఇన్ని ఏర్పాట్ల మధ్య తనకు ఈత వచ్చా రాదా అన్న చిన్న విషయాన్ని అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చని వాయిదా వేస్తే, గిట్టనివాళ్లు దాన్ని నిర్లక్ష్యమంటారు. నిజానికి అది నమ్మకం. పూర్తి రుసుము ముందుగానే చెల్లించిన మనిషిని మునగనివ్వకుండా చూసుకోవలసింది సముద్రం కాక మరెవరు?

సముద్రం మాత్రం ఈ ఒప్పందంలో తన వంతు షరతులను ఇంతవరకు చదివినట్టు లేదు.

ముందుగా గొట్టం సంగతి తీసుకుందాం. పళ్ల మధ్య బిగించుకునే ఆ వంపు గొట్టం మూరెడుకు మించి పొడవుండదు. దాన్ని మీటరు పొడవున తయారుచేస్తే మీటరు లోతున తీరిగ్గా కూర్చొని చేపలను చూడవచ్చు కదా అని వినియోగదారుడు అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ లోతున నీళ్లు ఛాతీని నొక్కుతుంటే, ఆ ఒత్తిడిని తట్టుకుంటూ పైనున్న గాలిని లోపలికి లాగే శక్తి మన ఊపిరి కండరాలకు లేదు. పైగా గొట్టం పొడవు పెరిగేకొద్దీ మనం వదిలిన గాలే అందులో నిలిచిపోయి మళ్లీ మనలోకే వస్తుంది. ఏనుగు మాత్రం తొండం పైకెత్తి నీళ్లలో మునిగి దర్జాగా సాగిపోగలదు. దాని ఊపిరితిత్తులకూ ఛాతీ గోడకూ మధ్య మనకున్నట్టు పలచని ఖాళీ కాకుండా గట్టి కణజాలం ఉండడమే అందుకు కారణమని జాన్ వెస్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వివరించారు. ఈ పక్షపాతంపై ఏ పర్యాటకుల సంఘమూ ఇంతవరకు నిరసన తెలపకపోవడం విచారకరం.

గొట్టం కరిచిపట్టుకోవడం నామోషీ అనుకునేవారి కోసం ముఖమంతా కప్పే మాస్కులు వచ్చాయి. ఫోటోలో వీటి అందమే వేరు. ఊపిరి అందనప్పుడు మామూలు గొట్టమైతే ఉమ్మేసి తల పైకెత్తితే సరిపోతుంది, దీనికైతే తల వెనకున్న పట్టీలను తడుముకోవాలి. కవాటాలు సరిగా మూసుకోని నాసిరకం మాస్కయితే వదిలిన గాలి లోపలే తిరుగుతుంది. ఇవన్నీ చాదస్తుల అభ్యంతరాలు. కళ్లనూ ముక్కునూ కప్పే మామూలు మాస్కునైతే పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చెయ్యి వదిలేస్తే అది రాలిపడకుండా నిలవాలని, అలా నిలిచినదే మన ముఖానికి సరిపోయే మాస్కని చెప్పేది కూడా ఈ చాదస్తులే.

మన పౌరుడికి అంత తీరిక ఎక్కడిది? అతడు పడవ నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, పట్టీని చెవుల మీదుగా లాగి, నుదుటి జుట్టు రెండు పాయలను రబ్బరు అంచు కింద ఇరికించుకొని, అద్దానికి లోపలివైపు ఉమ్మి రాసి కడుక్కోమని పడవ కుర్రాడు చెబితే మొహం చిట్లించి, నేరుగా నీళ్లలోకి దిగుతాడు. అర నిమిషంలో అద్దం మసకబారుతుంది, ఇరుక్కున్న జుట్టు వెంబడి ఉప్పునీళ్లు పాకి ముక్కు దాకా నిండుతాయి, గొట్టంలోకి ఒక అల దూరుతుంది. నడుం లోతు నీళ్లలో నిలబడి, గొట్టంలో చేరిన నీళ్లను ఒక్క ఊపున బయటికి ఊదేయడం ముందే సాధన చేసినవాడైతే ఊదేసి ముందుకు పోయేవాడు. ఇతడు ఆ అలను మింగి, దగ్గి, నిచ్చెన ఎక్కి, ఈ రోజు చేపలు బాగోలేవని తీర్పు చెబుతాడు.

అలలు తగ్గాక స్నానం చేస్తానన్నవాణ్ని మన పెద్దలు సామెతలో పెట్టి తరతరాలుగా వెక్కిరించారు. స్నార్కెలింగ్‌లో మాత్రం ఆ వెక్కిరింపుకు గురైనవాడే మధ్యాహ్నం భోజనానికి క్షేమంగా తిరిగొస్తాడు. గాలి లేవకముందే, ఉదయం పూట, నీళ్లు తేటగా ఉన్నప్పుడు దిగాలనీ, ఎర్ర జెండా ఎగిరిన రోజున ఒడ్డునే ఉండాలనీ, వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురీది, అలసిపోయి వచ్చేటప్పుడు దాని సాయం తీసుకోవాలనీ, ఒడ్డు నుంచి వెనక్కి పారే నీటి ఉరవడి (రిప్ కరెంట్) సముద్రం లోపలికి ఈడ్చుకుపోతుంటే దానితో పోట్లాడకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది తప్పించుకోవాలనీ అనుభవజ్ఞులు చెబుతారు. దీన్నిబట్టి సముద్రం తన పనివేళలను తానే నిర్ణయించుకుంటోందని తేలుతోంది. గదితో పాటు ఉచితంగా ఇచ్చే మద్యాన్ని ముందుగా సేవించి, ఆ తరువాత తీరిగ్గా దిగుదామనుకునేవారి సౌకర్యం గురించి అది ఆలోచించినట్టే లేదు.

ప్రభుత్వాలు కూడా సముద్రం పక్షమే వహిస్తున్నాయి. పర్యాటకుల నీటి మరణాల్లో స్నార్కెలింగ్‌దే పెద్ద వాటా అయిన హవాయిలో, హనౌమా బే అనే చోట నీళ్లలో దిగాలంటే ముందుగా ఒక వీడియో చూసి తీరాలి. సోమ, మంగళవారాల్లో ఆ తీరానికి పూర్తిగా సెలవు, అంటే చేపలకు వారానికి రెండు రోజుల విశ్రాంతి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గుండె జబ్బుందా, మూర్ఛలున్నాయా అని పడవ నిర్వాహకులు ముందే కాగితం మీద రాయించుకొని, ప్రమాదం ఎక్కువున్నవారికి వేరే రంగు గుర్తునూ, నీటిపై తేలే సాధనాన్నీ ఇస్తారు. నలుగురిలో ఇంత అవమానం అవసరమా? ఇదే క్వీన్స్‌లాండ్ తీరంలో 1998లో తలల లెక్క తప్పి ఇద్దరు స్కూబా డైవర్లను సముద్రంలోనే వదిలేసి పడవ వెనక్కి వచ్చేసింది. వాళ్లు మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి అక్కడ తలల లెక్కను మరీ పట్టుదలగా తీసుకుంటారు, పర్యాటకులు మరీ పట్టుదలగా విసుక్కుంటారు.

ఇక్కడ వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. ఆనందంగా చేపలను చూస్తున్నవాడూ, స్పృహ తప్పినవాడూ పడవ మీదనుంచి ఒకేలా కనిపిస్తారు: ముఖం కిందికి, వీపు పైకి, ఏ కేకా లేకుండా. పక్కన ఒక జత మనిషి ఉండి, నిమిషానికోసారి పలకరించకపోతే ఆ తేడా తెలిసేసరికి ఆలస్యమవుతుంది. సరే, మళ్లీ ఫిర్యాదులకు వద్దాం.

నీటి అడుగున నివసించే ప్రాణులకు అతిథి మర్యాద బొత్తిగా తెలియదు. టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ అనే చేప గుడ్లను కాపలా కాసేటప్పుడు తన గూటి నుంచి పైకి, పోనుపోను వెడల్పయ్యే గరాటు ఆకారంలో నీటినంతా తన సొంత ఆస్తిగా భావిస్తుంది. భయపడి పైకి పారిపోయేవాడు ఇంకా దాని ఆస్తిలోనే ఉంటాడు కాబట్టి వెంటపడి కరుస్తుంది. పక్కకు ఈదడమే మార్గం. స్టోన్ ఫిష్ అచ్చం రాయిలా పడుకొని ఉండి, తొక్కినవాడి పాదంలోకి ముళ్లతో విషం ఎక్కిస్తుంది. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో నవంబరు నుంచి మే వరకు బాక్స్ జెల్లీ ఫిష్‌లు తిరుగుతాయని ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకోమంటారు, తీరాల్లో వెనిగర్ సీసాలు సిద్ధంగా పెడతారు. పైగా నీళ్లలో ప్రతి వస్తువూ ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. ఇంటికి తిరిగొచ్చినవాడు చెప్పే చేప కొలతల్లో ఆ వంతును కాంతి వక్రీభవనానికి వదిలేసి, మిగిలిన అతిశయోక్తిని మాత్రమే అతడి ఖాతాలో వేయడం న్యాయం.

అలసినప్పుడు కాసేపు నిలబడడానికి దేవుడు పగడాలను సృష్టించాడని చాలామంది విశ్వాసం. బండరాయిలా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది, అంటే మనిషి తలకాయంత కావడానికి దానికి పాతికేళ్లు చాలవచ్చు, చాలకపోవచ్చు. ఈదడానికి కాళ్లకు తొడుక్కునే రెక్కల చెప్పు ఒక్క తన్నుతో విరగ్గొట్టడానికి మనకు క్షణం చాలు. పనితనంలో ఎవరిది పైచేయో చెప్పనక్కర్లేదు. అయినా పసిఫిక్ మహాసముద్రంలోని పలావు అనే ద్వీప దేశం 2017 చివరి నుంచి, ప్రకృతికి హాని చేయనని వచ్చేవారి పాస్‌పోర్టులోనే ప్రతిజ్ఞ ముద్రించి సంతకం పెట్టించుకుంటోంది. పగడాలకు చేటు చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్లను అదే దేశం 2020 జనవరి నుంచి నిషేధించింది. అలాంటి రసాయనాలైన ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి ఆ మరుసటి ఏడాది ఆపింది. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఈ పూతలు చాలావరకు అవసరమే ఉండవు, వీపు కాలదు. కానీ వీపు కాలకపోతే సెలవుకు వెళ్లొచ్చినట్టు ఆఫీసులో ఎవరు నమ్ముతారు?

ఇన్ని ఇబ్బందుల మధ్య ఒక్క విషయంలో మాత్రం సముద్రం వినియోగదారుడి కోరికను తీర్చడానికి కృషి చేస్తోందని ఒప్పుకోవాలి. నీళ్లు వెచ్చగా ఉండాలన్నాం, అవి ఏటేటా ఇంకా వెచ్చబడుతున్నాయి. మామూలు వేసవి గరిష్ఠానికి ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన ఒంట్లో ఉంటూ తనకు రంగూ తిండీ ఇచ్చే శైవలాలను (కంటికి కనిపించనంత చిన్న నాచును) బయటికి నెట్టేసి తెల్లబోతుంది. ప్రపంచవ్యాప్తంగా ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగోసారి ప్రకటించారు. దానికి ముందటి వేసవిలో, 2023 జులైలో, ఫ్లోరిడాలోని మనాటీ బేలో ఒక పరికరం నీటి వేడిని 38 డిగ్రీలుగా నమోదు చేసింది. సముద్రంలోని నర్సరీల్లో పెంచుతున్న పగడాలను జనం వేలాదిగా పైకి తీసి, ఒడ్డున చల్లని నీటి తొట్లలోకి తరలించారు. కాబట్టి నీళ్లు చల్లగా ఉన్నాయని ఇకపై ఎవరూ సణగనక్కర్లేదు. రంగుల మాటంటారా, ప్రకటనలో చూపించిన ఎరుపు, ఊదా, పసుపు ఎక్కడికి పోయాయని పడవవాణ్ని నిలదీసే హక్కు పర్యాటకుడికి ఎప్పుడూ ఉంటుంది, కట్టిన సొమ్ములో సగమైనా వాపసు అడగవచ్చు.