‘పుట్’ పక్కన ‘అప్’ చేరితే

ఇంగ్లిష్ ‘పుట్’ (పెట్టు) అనే క్రియ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. దానికి ‘ఆఫ్’ తగిలితే వాయిదా వేయడం, ‘అవుట్’ తగిలితే ఆర్పడం అని బాగా చెప్పారు. కానీ ‘పుటప్’ని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఆఫీసులో రోజుకు పదిసార్లు వినేది అదే: ‘ఆ ఫైలు సార్‌కి పుటప్ చెయ్యి.’ అంటే నోట్ రాసి సంతకానికి పంపమని. దానికే ‘విత్’ తోడైతే భరించడం! కొత్తలో, కాగితాలు తక్కువున్నాయని చెప్పబోయి ‘ఐ కెనాట్ పుటప్ విత్ దిస్ ఫైల్’ అని రాసేశాను. ఇప్పటికీ నవ్వుతారు.

అయినా మన ‘పెట్టు’ మాత్రం తక్కువదా? దాచిపెట్టు, వండిపెట్టు, మొదలుపెట్టు, కనిపెట్టు... కాకపోతే అతుకు మనకు ముందు పడుతుంది, వాళ్లకు వెనక.