రాఠీ నోట్‌బుక్కు, రిఫరీ పద్దు

2025 మే 19న లక్నోలో ఐపీఎల్ మ్యాచ్‌లో సన్‌రైజర్స్ బ్యాటర్ అభిషేక్ శర్మ, లక్నో బౌలర్ దిగ్వేష్ రాఠీ మీదమీదకెళ్లారు కదా, ఆ క్లిప్పు ఇంకా తిరుగుతూనే ఉంది. కింద రాసే వ్యాఖ్య కూడా మారదు: "తిట్టుకున్నది ఇద్దరూ. 14 కోట్ల స్టారుకు పాతిక శాతం జరిమానా, 30 లక్షల కుర్రాడికి 50 శాతం, పైగా ఒక మ్యాచ్ నిషేధం. పంక్తిలో వలపక్షం అంటే ఇదే!" నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. నేను సన్‌రైజర్స్ అభిమానిని, ముందే ఒప్పేసుకుంటున్నా. అయినా లెక్క లెక్కే.

"ఒకే గొడవకు రెండు శిక్షలా?" అంటున్నారు. గొడవ ఒకటే గానీ కేసులు రెండు. అభిషేక్ మీద పెట్టింది అభ్యంతరకరమైన సైగ చేశాడని, ఐపీఎల్ నియమావళిలో 2.6వ నిబంధన. ఆ సీజన్లో అతనికదే మొదటి తప్పు. రాఠీ మీద పెట్టింది 2.5, అంటే ఔటైనవాణ్ణి రెచ్చగొట్టేలా సాగనంపడం. అది మూడోసారి. ఏప్రిల్ 1న పంజాబ్ మ్యాచ్‌లో ప్రియాంశ్ ఆర్య దగ్గరికెళ్లి నోట్‌బుక్‌లో రాసినట్టు చేసినందుకు మ్యాచ్ ఫీజులో 25 శాతం కోత, ఒక డీమెరిట్ పాయింటు (తప్పు చేస్తే ఖాతాలో పడే చెడ్డ మార్కు). మూడు రోజులు తిరక్కుండానే ముంబై మీద మళ్లీ అదే, ఈసారి నమన్ ధీర్‌కు. 50 శాతం, రెండు పాయింట్లు.

అంటే ఆ రాత్రి లక్నోలో బంతి పట్టుకునేటప్పటికే అతని ఖాతాలో మూడు పాయింట్లున్నాయి. నాలుగైతే ఒక మ్యాచ్ బయట కూర్చోవాలి. ఆ రాత్రి వేసినవి రెండు, మొత్తం ఐదు. సరే, శిక్ష వేసే మ్యాచ్ రిఫరీ జాలిపడి అభిషేక్‌కు వేసినట్టే ఒక్కటే వేశాడనుకుందాం. మూడూ ఒకటీ నాలుగు. అప్పుడూ నిషేధమే! ఇద్దరికీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే శిక్ష వేసినా, మే 22న అహ్మదాబాద్‌లో గుజరాత్‌తో మ్యాచ్‌కు రాఠీ ఉండేవాడు కాదు. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ ఒక్క కూడిక చేసి ఉంటే సరిపోయేది.

"పాపం, సంబరమే కదా చేసుకున్నాడు" అనేది ఇంకో మాట. వీడియో మళ్లీ చూడండి. అంతకు ముందు ఓవర్లోనే లక్నో బౌలర్ బిష్ణోయ్‌ని వరసగా నాలుగు సిక్సర్లు బాదాడు అభిషేక్. 20 బంతుల్లో 59 మీదుండగా రాఠీకి చిక్కాడు. వికెట్ పడగానే రాఠీ ముందు చేత్తో 'పో పో' అన్నట్టు ఊపాడు, ఆ తర్వాతే నోట్‌బుక్కు. వెళ్లిపోతున్నవాడు వెనక్కి తిరిగాడు, జుట్టు చూపిస్తూ ఏదో సైగ చేశాడు, అంపైర్లు మధ్యలో దూరారు. సంబరం తన జట్టువాళ్లతో చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి రాఠీకీ తెలుసు. ఏప్రిల్ 8న ఈడెన్‌లో కోల్‌కతా ఆటగాడు నరైన్ వికెట్ తీసి, వంగి గడ్డి మీద రాసుకున్నాడు. ఆ సంతకానికి శిక్ష పడలేదు. నిజానికి భలేగా ఉండింది కూడా.

"పెద్ద ఆటగాళ్లను ఎప్పుడూ బయట కూర్చోబెట్టరు." ఎప్పుడూనా? 2008 ఏప్రిల్ 25న మొహాలీలో శ్రీశాంత్‌ను చెంపదెబ్బ కొట్టిన హర్భజన్, గాయపడ్డ సచిన్ బదులు ముంబైకి కెప్టెన్సీ చేస్తున్నవాడు. రిఫరీ ఫరూఖ్ ఇంజనీర్ సీజన్లో మిగిలిన 11 మ్యాచ్‌లూ ఆడకుండా చేశాడు. తర్వాత బోర్డు ఐదు వన్డేల నిషేధం కూడా వేసింది. అయితే 2023 మే 1న, ఇదే లక్నోలో కోహ్లీ, గంభీర్ తగువు పడితే ఇద్దరికీ ఫీజు మొత్తం కోసి వదిలేశారు, నిషేధం లేదు. అది నాకూ నచ్చలేదు. కానీ డీమెరిట్ పాయింట్లు ఐపీఎల్‌లోకి వచ్చింది 2025లో. అప్పటి మెతకదనాన్ని ఇప్పటి పద్దుకు అంటగట్టలేం.

మన సిరాజ్ సంగతీ ఇలాంటిదే. 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ హెడ్‌తో గొడవకు ఇద్దరికీ చెరో పాయింటు పడింది, జరిమానా మాత్రం సిరాజ్‌కే, 20 శాతం. హైదరాబాద్ అంతా మండిపడింది, నాతో సహా. తీరా చూస్తే అక్కడా సిరాజ్ మీద పెట్టింది 2.5, హెడ్ మీద పెట్టింది వేరే నిబంధన.

అసలు గొడవపడాల్సింది డబ్బు దగ్గర. 2025 నుంచి కాంట్రాక్టు కాక ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఎవరికైనా ఏడున్నర లక్షల ఫీజు. కోత పడేది ఆ ఫీజులోంచే. అభిషేక్‌కు పోయింది 1,87,500. పద్నాలుగు కోట్లలో అది ఏడొందల యాభైయో వంతు, టీ ఖర్చు. రాఠీకి ఆ ఒక్క రాత్రే 3,75,000, అంటే కాంట్రాక్టులో ఎనిమిదో వంతు. ఏప్రిల్ కోతలు రెండూ, ఆడని మ్యాచ్ ఫీజూ కలిపితే 16,87,500. ముప్పై లక్షల్లో సగం దాటిపోయింది. నిషేధం గోల వదిలేసి ఈ లెక్క రాసి ఉంటే, ఆ మెసేజ్ నేనే నాలుగు గ్రూపుల్లో పెట్టేవాణ్ణి.