ఖాళీ కుర్చీలతో పెరిగే సామర్థ్యం

కాలువ మొదట్లో రైతు ఎకరానికి 40 బస్తాలు, శివారు రైతు 32 బస్తాలు పండిస్తే, మొదటివాడే మంచి సేద్యగాడని డెల్టాలో ఎవరూ తీర్పు చెప్పరు. నీరెంత అందిందని అడుగుతారు. విశ్వవిద్యాలయాల దగ్గరకొచ్చేసరికి ఆ ప్రశ్నే మరుస్తున్నాం.

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి వెలువరిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ జాతీయ ర్యాంకుల్లో, విశ్వవిద్యాలయాల విభాగంలో ఇప్పుడు బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, సమ్మిళితత్వానికి 10, పేరుప్రతిష్ఠలకు 10. పెట్టిన రూపాయికి ఎంత ఫలితం వచ్చిందో ఇందులో తేలదు. అది తేల్చడానికి 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ రూపొందించిన డేటా ఎన్వలప్‌మెంట్ పద్ధతి ఉంది. అధ్యాపకులు, ఖర్చు పెట్టుబడి. పట్టాలు, పరిశోధన పత్రాలు దిగుబడి. అందరికన్నా మెరుగైన సంస్థలతో పోల్చి మిగతావాటి లోటు లెక్కగడతారు.

మొదటి చిక్కు పెట్టుబడి లెక్కలోనే. 150 పోస్టులున్నచోట 60 మందే పనిచేస్తూ ఏటా 900 మందికి పట్టాలిస్తున్నారనుకుందాం. ఒక్కో అధ్యాపకుడికి 15 మంది! ఖాళీలన్నీ భర్తీ చేస్తే 6కు పడిపోతుంది. అంటే నియామకాలు ఆపిన వర్సిటీయే సమర్థమైనదిగా కనిపిస్తుంది. గెస్టు ఫ్యాకల్టీ చెప్పే గంటలను పూర్తికాలపు పోస్టులుగా మార్చి కలపకపోతే ఈ లెక్క చెల్లదు. ఆదికవి నన్నయ వర్సిటీలా అనుబంధ కళాశాలలున్నచోట వాటి పట్టాలను దిగుబడిలో కలిపితే, అక్కడి అధ్యాపకులనూ పెట్టుబడిలో కలపాలి. దిగుబడి లెక్కా తేలిక కాదు. వ్యవసాయ వర్సిటీకి చెందిన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి వంగడం విలువ ఎన్ని పత్రాలకు సమానం?

ర్యాంకు నిలకడా అనుమానమే. ఒక వర్సిటీకి బోధనలో 70, పరిశోధనలో 40. మరోదానికి 50, 62 మార్కులు అనుకోండి. రెంటికీ సమాన ప్రాధాన్యమిస్తే రెండోది 56–55తో ముందుంటుంది. బోధనకు 60 శాతమిస్తే మొదటిది 58–54.8తో దాటిపోతుంది. ఎవరూ కొత్తగా ఒక్క పాఠం చెప్పలేదు, ఒక్క పత్రం రాయలేదు.

ఎన్వలప్‌మెంట్ పద్ధతికీ జబ్బులున్నాయి. అందరికన్నా ముందు నిలిచిన ఒక్క సంస్థ తన దిగుబడిని ఎక్కువచేసి చూపితే, దానితో పోల్చే సంస్థల మార్కులన్నీ దిగుతాయి. మూడు పెట్టుబడులు, మూడు దిగుబడులు తీసుకుంటే కనీసం 18 సంస్థలుండాలన్నది వాడుక సూత్రం. అంతకు తగ్గితే చాలామందికి నూటికి నూరు వచ్చేస్తుంది. అలాగని సంఖ్య కోసం వ్యవసాయ, సాంకేతిక వర్సిటీలను ఒకే గాటన కట్టకూడదు.

ర్యాంకును బట్టి గ్రాంటు పెంచాలన్నా కోయాలన్నా, ప్రభుత్వం ముందు ఒక్కో సంస్థనూ తప్పించి లెక్క మళ్లీ వేయించాలి. ప్రాధాన్యాలు అటూ ఇటూ మార్చి చూడాలి. 40 నుంచి 70 మధ్య ఊగే ర్యాంకును 52 అని కాక, 40–70 అనే అచ్చువేయాలి.