విక్రాంత్ వచ్చింది, సరిజోడు విమానం ఇంకా దారిలోనే

విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబరు 2న. దాని మీద నుంచి ఎగరడానికి కొత్త ఫైటర్ల ఒప్పందంపై సంతకాలు పడింది 2025 ఏప్రిల్ 28న. ఫ్రాన్స్ నుంచి వచ్చే ఆ 26 రఫేల్-ఎం విమానాలు మొత్తం చేతికందేసరికి 2030 అవుతుంది. సుమారు రూ.20 వేల కోట్లు పెట్టి కొచ్చి షిప్‌యార్డులో కట్టుకున్న 262 మీటర్ల ఓడ, తన అసలు బలం కోసం ఇన్నేళ్లు ఆగాల్సి వస్తోంది. అప్పటిదాకా విక్రాంత్‌కూ, మన మరో విమాన వాహక నౌక విక్రమాదిత్యకూ రష్యా మిగ్-29కెలే దిక్కు.

ఎందుకిలా అయింది? నల్లగొండ జిల్లాలో బోరు వేయించిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ మోటారు దించాలో అనుకోకుండా కేసింగ్ పైపు దించేస్తే, తర్వాత దుకాణానికి పోయి అందులో పట్టే మోటారే కొనుక్కోవాలి. పొలానికి కావాల్సిన మోటారు అందులో దిగకపోవచ్చు. విక్రాంత్ కథ కూడా చాలావరకు ఇదే.

ఈ ఓడ గీతలు గీసే రోజుల్లో నౌకాదళం మనసులో ఉన్నవి రెండే విమానాలు. ఒకటి మిగ్-29కె, రెండోది మన తేలికపాటి తేజస్‌కు నౌకాదళ రూపం. విమానాలను కింది హ్యాంగర్ నుంచి డెక్ మీదికి తెచ్చే లిఫ్టులు వాటి కొలతలకే కుదిరాయి. మిగ్-29కె రెక్కల వెడల్పు దాదాపు 12 మీటర్లు. మడిస్తే 8 మీటర్ల లోపే. కానీ నేవీ తేజస్ బరువుకు ఒంటి ఇంజిన్ శక్తి చాలదని 2016 డిసెంబరులో నౌకాదళమే తేల్చి చెప్పింది. అదే తేజస్ 2020 జనవరిలో విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరిలో విక్రాంత్ మీద దిగి చూపించింది. ఆ పని చేసిన ఇంజినీర్లు, పైలట్ల శ్రమ చిన్నది కాదు. మనం తయారు చేసిన విమానాన్ని డెక్ మీద దింపే విద్య మన చేతికి వచ్చింది అక్కడే. అయినా యుద్ధానికి కావాల్సినంత ఇంధనం, ఆయుధాలు మోసే విమానం వేరే చూసుకోక తప్పలేదు.

ఇక్కడ డెక్ గురించి కొంచెం చెప్పాలి. విక్రాంత్‌లో విమానాన్ని విసిరినట్టు ముందుకు తోసే క్యాటపల్ట్ లేదు. డెక్ ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విమానం సొంత ఇంజిన్ల బలంతోనే పరుగెత్తి, ఆ వంపు మీద నుంచి గాల్లోకి లేవాలి. బరువు పెరిగితే లేవడం కష్టం. కాబట్టి ఒక్కో బాంబుకూ, ఒక్కో టన్ను ఇంధనానికీ లెక్క ఉంటుంది. దిగడం ఇంకా కఠినం. తోక కింది కొక్కెం డెక్‌కు అడ్డంగా ఉన్న మూడు ఉక్కు తీగల్లో ఒకదాన్ని అందుకోవాలి. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తప్పితే ఆ క్షణమే మళ్లీ ఎగిరిపోవాలి, లేదంటే సముద్రమే. రన్‌వే మీద మెత్తగా దిగే విమానానికి కొక్కెం తగిలిస్తే నేవీ విమానం అయిపోదు. దాని వెన్నెముక, కాళ్లు ఈ దెబ్బను వందలసార్లు ఓర్చుకునేలా పుట్టుకతోనే ఉండాలి.

చివరి పోటీలో మిగిలినవి ఫ్రాన్స్ రఫేల్-ఎం, అమెరికా సూపర్ హార్నెట్. రెండూ 2022లో గోవాలోని ఐఎన్ఎస్ హంసలో వంపు రన్‌వే మీద నుంచి ఎగిరి చూపించాయి. సూపర్ హార్నెట్ రెక్కలు 13.6 మీటర్లు, మడిస్తే 10 మీటర్లలోపుకు వస్తాయి. రఫేల్ రెక్కలు 10.9 మీటర్లే, కానీ మడవడానికి వీల్లేదు. లిఫ్ట్ దగ్గర ఈ తేడా చిన్నదేమీ కాదు. పైగా అమెరికా విమానం రెండు సీట్ల రకం కూడా డెక్ మీద దిగుతుంది. రఫేల్‌లో అలాంటిది లేదు. మనం కొన్న 26లో నాలుగు రెండు సీట్లవి, అవి నేల మీద శిక్షణకే. ఓడ ఎక్కేవి 22 మాత్రమే. సూపర్ హార్నెట్ ఇంజిన్ జీఈ-414 రేపటి తేజస్ మార్క్-2కు కూడా అదే. సూపర్ హార్నెట్ కొనాల్సిందన్న వాదనలో బలం ఉంది, కాదనను.

అయినా నా ఉద్దేశంలో రఫేల్ ఎంపికే సరైనది. వాయుసేనకు 2016 ఒప్పందంతో 36 రఫేల్‌లు ఇప్పటికే వచ్చాయి. విడిభాగాలు, సిమ్యులేటర్లు, మెకానిక్‌ల అనుభవం అన్నీ ఒక దారిలో పడతాయి. మూడో దేశపు విమానం, మూడో రకం విడిభాగాల గొలుసు మన మీద వేసుకోవడం తెలివైన పని కాదు. బోయింగ్ కూడా 2023 ఫిబ్రవరిలోనే సూపర్ హార్నెట్ తయారీకి ముగింపు పలకబోతున్నట్టు ప్రకటించింది. తయారీ ఆగిపోయే విమానాన్ని ముప్పై ఏళ్లకు నమ్ముకోవడం ఎలా?

డెక్ మీద పట్టినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. ఇది మిగ్-29కె దగ్గర అనుభవమైంది. 2016లో వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం ఆ విమానాల సంసిద్ధత 15.93 నుంచి 37.63 శాతం మధ్యే ఉంది. పదింట నాలుగు కూడా ఎగరడానికి సిద్ధంగా లేవన్నమాట. 65 ఇంజిన్లలో 40 ఇంజిన్లను డిజైన్ లోపాలతో పక్కన పెట్టాల్సి వచ్చింది. మనం కొన్నవి 45 విమానాలు, పనికొచ్చినవి ఎన్ని? ఈ 22 రఫేల్‌లకూ అదే గతి పడితే రూ.63 వేల కోట్లు పోసి మళ్లీ ఖాళీ డెక్ చూసుకోవాలి. ఆ మొత్తం ఓడ ఖర్చుకు మూడింతలు. అందుకే మరమ్మతు ఎక్కడ, ఎవరి చేతుల్లో జరుగుతుందన్నది రెక్కల కొలత కంటే పెద్ద ప్రశ్న.

సముద్రం లేని నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఈ చర్చ ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. నౌకాదళం మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. వికారాబాద్ దామగుండం అడవిలో, అందరూ రాడార్ కేంద్రం అనే నేవీ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. మూసీ పుట్టే అనంతగిరి కొండలకు దగ్గరి అడవి అది. ఆ మూసీ నల్లగొండ పొలాల మీదుగానే పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దేశ రక్షణ కోసం అడవిని ఇచ్చిన ప్రాంతానికి, ఆ రక్షణ డబ్బు ఎలా ఖర్చవుతుందో అడిగే హక్కు ఉంది.

దేవరకొండ, మాల్ నుంచి సాగర్ రోడ్డు మీద హైదరాబాద్ పోయేవాళ్లకు బొంగుళూరు గేటు దగ్గర ఆదిభట్ల తెలిసిందే. అక్కడ టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. 2025 జూన్‌లో టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్, రఫేల్ తయారుచేసే డసో కంపెనీలు రఫేల్ బాడీ భాగాలను హైదరాబాద్‌లో తయారు చేసేందుకు ఒప్పందాలు చేసుకున్నాయి. 2028 ఆర్థిక సంవత్సరంలో మొదటివి బయటికి వస్తాయని ప్రకటించాయి. రఫేల్‌కు అమర్చే ఎం-88 ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి కూడా 2025 నవంబరులో హైదరాబాద్‌లో పునాది పడింది. మిగ్‌ల విషయంలో మనకు లేనిది సరిగ్గా ఇదే. విమానం ఆగిపోతే ఇంజిన్ విప్పి చూడగల చెయ్యి దేశం దాటకుండా దొరకాలి.

ఆ చెయ్యి మన జిల్లాల పిల్లలది ఎందుకు కాకూడదు? రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. అందులో వెల్డింగ్, సీఎన్‌సీ నేర్చుకునే పిల్లవాడు విమాన భాగానికి రివెట్ కొట్టే స్థాయికి రావాలంటే సిలబస్ ఇప్పుడే మారాలి. మొదటి బాడీ బయటికి వచ్చాక కాదు. రఫేల్ పనిలో స్థానిక అప్రెంటిస్‌లు ఎందరని నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఒక్కరైనా అడిగితే సంతోషిస్తాను.

ఇంకో పని కూడా ఇప్పుడే జరగాలి. రెండో స్వదేశీ విమాన వాహక నౌక గురించి ఏళ్లుగా మాటలు నడుస్తున్నాయి. రెండు ఇంజిన్లతో మన సొంత డెక్ ఫైటర్, టెడ్‌బీఎఫ్, ఇంకా గాల్లోకి లేవలేదు. చైనా మాత్రం వంపు డెక్ ఓడలు రెండు సమకూర్చుకున్నాక, విద్యుదయస్కాంత క్యాటపల్ట్ ఉన్న ఫుజియాన్‌ను 2025 నవంబరులో నౌకాదళంలో చేర్చుకుంది. మన కొత్త ఓడకు క్యాటపల్టా, వంపు డెక్కా అన్న నిర్ణయాన్ని టెడ్‌బీఎఫ్ బరువు, రెక్కల మడత, ఇంజిన్ బలంతో కలిపి ఒకే బల్ల మీద, ఒకే ఫైలులో తేల్చాలి. ఢిల్లీలో నౌకాదళం తరఫున ఓడ గీసేవాళ్లూ, బెంగళూరులో విమానం గీసేవాళ్లూ మొదటి రోజు నుంచే కలిసి కూర్చునేలా రక్షణ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. లిఫ్ట్ వెడల్పు ఖరారయ్యే ముందే ఆ ఉత్తర్వు రావాలి.