ప్రిపరేషన్ అనే జీతం లేని ఉద్యోగం

మన పిల్లలకు డిగ్రీ చేతికి వచ్చాక ఒళ్లు వంచడం ఇష్టం ఉండదని, ప్రభుత్వోద్యోగం తప్ప మరొకటి కంటికి ఆనదని, ముప్పై ఏళ్లు దాటేదాకా గ్రూప్-1, గ్రూప్-2 వంటి రాష్ట్ర ప్రభుత్వోద్యోగ పరీక్షల పేరు చెప్పుకొని తండ్రి సంపాదన మీద బతుకుతున్నారని ఈమధ్య ఒక పెద్దమనిషి రాసిన మాటలను నా పరిచయస్తులే చాలామంది మెచ్చుకొని పంచుకున్నారు. జిల్లా కేంద్రంలో డిగ్రీ విద్యార్థులకు ఆర్థికశాస్త్రం చెప్పే ఉద్యోగం నాది. మా దగ్గర చదివి వెళ్లినవాళ్లు తర్వాతి సంవత్సరాలను ఎలా గడుపుతున్నారో కొంత దగ్గరగా చూస్తుంటాను కాబట్టి, ఆ మాటలకు నా అభ్యంతరాన్ని వివరంగా చెప్పదలచుకున్నాను. ఈ పరీక్షలకు చదవడం, అంటే ప్రిపరేషన్, కూడా పూర్తికాలపు పనే. దానికి జీతం లేదు, అది ఎప్పుడు ముగుస్తుందో నిర్ణయించే అధికారమూ చేసేవాళ్ల చేతిలో లేదు. నా కోపమంతా ఈ రెండో సంగతి మీదే.

హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల, అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఒక పూట తిరిగినవారికి నేను ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. నలుగురైదుగురు కలిసి అద్దె పంచుకునే గది, నెలకింత అని కట్టి కుర్చీ సంపాదించుకునే స్టడీ హాలు, అది కూడా కట్టలేనివాళ్లకు సిటీ సెంట్రల్ లైబ్రరీ, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు, రాత్రి పదింటికి టీ బండి దగ్గర కటాఫ్ గురించి వాదన. బ్యాంకు పరీక్షలకైతే నంద్యాల, ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీకైతే అవనిగడ్డ ఇలాంటి ఊళ్లుగానే పేరుపడ్డాయి.

ఇంటి నుంచి వచ్చే డబ్బుతోనే ఇదంతా సాగుతుందనుకోవడం కూడా సరికాదు. మా పూర్వ విద్యార్థుల్లో ముహూర్తాల రోజుల్లో క్యాటరింగ్‌కు వెళ్లి వడ్డన చేసేవాళ్లున్నారు, రాత్రిపూట బైకు మీద ఆహారం పార్శిళ్లు చేరవేసేవాళ్లున్నారు, ప్రైవేటు బడిలో సగం పూట పాఠం చెప్పేవాళ్లున్నారు, ఎన్నికలు దగ్గరపడితే సర్వేల కోసం ఊళ్లు తిరిగేవాళ్లున్నారు, ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాల్లో రోజుకింత అని తీసుకొని వేరేవాళ్లు రాసే పరీక్షకు కాపలా కాసేవాళ్లున్నారు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఊరికి పోయి నాలుగు రోజులు పొలం పని చేసి వచ్చేవాళ్ల సంగతి లెక్కలోకే రాదు. వీటిలో ఏదీ పూర్తికాలపు ఉద్యోగం కాదు; అది కాదు కాబట్టే వాళ్లు వీటిని ఎంచుకుంటారు, ఎందుకంటే హాల్ టికెట్ ఎప్పుడు వస్తుందో తెలియని మనిషికి ఏ నిమిషంలోనైనా వదిలేయగలిగిన పనే కావాలి.

ఇక ఆ హాల్ టికెట్ సంగతికి వస్తాను. తెలంగాణ రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ అనే వడపోత పరీక్ష, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడడంతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదన్న కారణంతో దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌ను పక్కనపెట్టి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో తర్వాతి దశ రాత పరీక్షలైన మెయిన్స్ జరిగాయి. 2025 సెప్టెంబరులో ఒకే నెలలో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఫలితాలను కొట్టివేయడం, అదే కోర్టు డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేయడం, ఎంపికైనవారికి నియామక పత్రాలు అందడం కూడా చూశాం. మొదటి ప్రిలిమ్స్ సుమారు 2 లక్షల 86 వేల మంది రాస్తే, ఎనిమిది నెలల తర్వాత జరిగిన రెండోది రాసినవాళ్లు సుమారు 2 లక్షల 33 వేలు. ఆ తగ్గిన యాభై వేల పైచిలుకు మందిలో ఎందరు ఆశ వదులుకున్నారో, ఎందరి ఇంట్లో డబ్బు అయిపోయిందో ఈ పరీక్షలు పెట్టే ఏ పబ్లిక్ సర్వీస్ కమిషనూ లెక్క తీయదు.

గ్రూప్-2 కథ దీనికంటే చప్పగా ఉంటుంది గాని, నాకు అదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్షను 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు, చివరికి 2024 డిసెంబరులో పెట్టారు. దరఖాస్తు చేసుకున్నవాళ్లు అయిదున్నర లక్షల మంది. అభ్యర్థులే వాయిదా కోరారు కదా అని అనేవాళ్లున్నారు, ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఏళ్ల తరబడి నోటిఫికేషన్లేవీ వేయకుండా ఉండి, అన్ని పరీక్షలూ పక్కపక్కనే పెడితే ఎవరైనా వాయిదానే కోరుకుంటారు.

దొరికిన ఉద్యోగంలో చేరి, తీరిక సమయంలో చదువుకోవచ్చు కదా అన్నది పెద్దమనిషి ప్రశ్న. మామూలు బీఏ, బీకాం చదివిన మా పిల్లవాడికి నగరంలో మొదట దొరికేది పన్నెండు, పదిహేను వేల జీతం, పది గంటల పని. తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్ మూలవేతనమే 24,280 రూపాయలతో మొదలవుతుంది, ఆపై కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, రేపు ఉంటుందన్న ధీమా. ఇంత తేడా కళ్లెదుట ఉన్నప్పుడు రెండు మూడేళ్లు పెట్టుబడిగా పెట్టడం సోమరితనం కాదు, లెక్క తెలిసినవాడు చేసే పనే. ఆ లెక్కలో తప్పు ఎక్కడ పడుతుందంటే, రెండేళ్లనుకున్నది ఆరేళ్లయినప్పుడు. అప్పటికి వదిలేయడం చేరడం కంటే కష్టమవుతుంది.

తమిళనాడులో 2001 నుంచి 2006 వరకు ప్రభుత్వ నియామకాలను చాలావరకు నిలిపివేశారు. ఖాళీలు లేవు కాబట్టి యువకులు వేరే పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారని మనం అనుకుంటాం. ఆ కాలాన్ని పరిశీలించిన ఆర్థికవేత్త కునాల్ మంగళ్‌కు కనిపించింది దీనికి విరుద్ధం: పట్టభద్రులైన మగపిల్లలు ఉద్యోగం లేకుండా పరీక్షలకు చదువుకుంటూ మరింత కాలం గడిపారు, దాని నష్టం తర్వాతి ఏళ్ల సంపాదనలో కూడా తెలిసింది. నోటిఫికేషన్ రాకపోతే జనం చెదిరిపోరు, ఇంకా గట్టిగా పోగవుతారు. అందుకే తెలంగాణలో 2024లో గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46 ఏళ్లకు పెంచినప్పుడు అందరూ హర్షించినా నాకు మాత్రం సంతోషం కలగలేదు. నోటిఫికేషన్లు వేయక పోగొట్టిన ఏళ్లకు పరిహారంగా, ఎదురుచూడడానికి మరో రెండేళ్లు ఇచ్చారు.

ఆడపిల్లలకు ఈ సౌకర్యం కూడా లేదు. అన్నకు నాలుగు అటెంప్టులు ఇచ్చే ఇల్లే చెల్లెలికి ఒకటి ఇస్తుంది, అదీ సంబంధం కుదిరేలోపు. నా తరగతిలో అందరికంటే బాగా రాసిన అమ్మాయిలు అశోక్‌నగర్ దాకా వెళ్లకుండానే, ఇంట్లో ఫోన్‌లో పాఠాలు విని, ఒక ప్రిలిమ్స్ రాసి, అది రద్దయి, మళ్లీ జరిగేలోపు అత్తవారింటికి వెళ్లిపోయారు. పరీక్ష ఒక ఏడాది జరగకపోతే అబ్బాయికి పోయేది ఏడాది, అమ్మాయికి పోయేది మొత్తం అవకాశం.

కోచింగ్ సంస్థల హోర్డింగుల గురించి రాయాలని ఉంది గాని, ఒకే ర్యాంకరు ఫొటో మూడు సంస్థల గోడల మీద ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

ఏ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ముందే చెప్పే జాబ్ క్యాలెండర్లు మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్‌లో 10,143 పోస్టులతో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు; అందులో గ్రూప్-1, 2 కలిపి 36 పోస్టులే ఉండడంతో యువత రోడ్డెక్కింది. తెలంగాణలో 2024 ఆగస్టులో శాసనసభ సాక్షిగా క్యాలెండర్ విడుదలైంది, అక్టోబరులో వస్తుందన్న గ్రూప్-1 నోటిఫికేషన్ రాలేదు. ఎస్సీ రిజర్వేషన్‌ను ఉపకులాల వారీగా విభజించే ఎస్సీ వర్గీకరణ వంటి నిజమైన కారణం ఉండవచ్చు, కాదనను. అయినా రిజర్వేషన్ నిబంధనలు, హాజరు పద్ధతి, మూల్యాంకన విధానం అన్నీ ముందే తేల్చుకొని నోటిఫికేషన్ వేయడం ప్రభుత్వం పని. వేసిన తర్వాత వాటిని కోర్టులో తేల్చుకుంటూ ఉంటే ఆ సమయానికి అద్దె కట్టేది అశోక్‌నగర్‌లో ఉన్న పిల్లవాడు.

ఇంకొక పని కూడా చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సర్వీసులకు పరీక్షలు పెట్టే యూపీఎస్సీ, ఇంటర్వ్యూ దాకా వచ్చి ఎంపిక కాని అభ్యర్థుల వివరాలను, వాళ్లు ఒప్పుకుంటే, నియామకం చేసుకునే సంస్థలకు చేరవేస్తోంది. ఇప్పుడు ఆ ఏర్పాటును ప్రతిభా సేతు అంటున్నారు. మన రెండు రాష్ట్రాల కమిషన్లు కూడా మెయిన్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఇలాంటిదేదో ఎందుకు చేయకూడదు? ఆర్థికం, పాలిటీ, భూచట్టాలు, రాష్ట్ర చరిత్ర నాలుగేళ్లు చదివి, వ్యాసం రాయడం నేర్చుకొని, కొద్ది మార్కుల్లో తప్పిపోయిన మనిషి ప్రైవేటు సంస్థ ఇంటర్వ్యూకు వెళ్తే, డిగ్రీ తర్వాత ఇన్నేళ్లూ ఏం చేశావని అడుగుతారు. చూపించడానికి అతని దగ్గర ప్రస్తుతం ఒక్క కాగితం కూడా లేదు.