స్పీకరుకూ నేలకూ నడుమ ద్వైతాద్వైత విచారం

దేశంలో ఇన్ని సమస్యలుండగా స్పీకరు కాళ్ల మీద, అంటే స్పీకరు కింద పెట్టే మేకుల మీద, దిమ్మెల మీద వ్యాసమా అని ఎవరైనా అడగవచ్చు. అలా అడిగేవారి స్పీకర్లు ఇంకా నేల మీదే ఉన్నాయని అర్థం. పాపం, వారికి తెలియదు. నిరుడు సంక్రాంతి దాకా నేనూ అలాగే అజ్ఞానంలో పాటలు విన్నాను, పైగా ఆనందించాను కూడా. నా స్పీకర్ల అడుగున టైల్సు, టైల్సు అడుగున స్లాబు, స్లాబు అడుగున కింది ఫ్లాటు మాస్టారు. ఈ క్రమంలో పెట్టె వణుకు సంగతి తేల్చకపోతే సంగీతం మలినమవుతుందని తెలిసిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఈ రంగంలో రెండు మతాలున్నాయి. మొదటిది అద్వైతం. స్పీకరూ నేలా వేరు కాదు. కదిలే పెట్టెను కదలని నేలతో ఏకం చేస్తే పెట్టె కూడా కదలడం మానేస్తుంది. అందుకు సాధనం స్పైకు, అంటే ఉక్కు మేకు. ఇరవై కిలోల పెట్టె బరువంతా నాలుగు సూదిమొనల మీద మోపుతారు. రెండోది ద్వైతం. పెట్టె వేరు, నేల వేరు, ఒకదాని వణుకు మరొకదానికి అంటరాదు. సాధనం రబ్బరు దిమ్మె, స్ప్రింగు, లేదంటే సోర్బోథేన్ అనే మెత్తటి పదార్థం. ఒకరు కట్టేయమంటారు, ఒకరు తెంచేయమంటారు. విచిత్రం ఏమిటంటే, ఏది అమర్చినా మరుక్షణంలోనే బాసు, అంటే మంద్రస్వరం, బిగుస్తుంది, గాయని ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడుతుంది, తబలా మీద చర్మం కనిపిస్తుంది. డబ్బు చెల్లించినవారందరికీ ఈ దర్శనం తప్పనిసరిగా అవుతుంది. విశిష్టాద్వైతులు కూడా ఉన్నారు. వీరు మేకు బిగించి, మేకు కింద ఇత్తడి గిన్నె పెట్టి, గిన్నె కింద రబ్బరు పెడతారు. ధర కూడా విశిష్టంగానే ఉంటుంది.

నేను మొదట అద్వైతం పుచ్చుకున్నాను. మేకులు బిగిస్తుంటే మా ఆవిడ వచ్చి, "ఏమండీ, ఆ టైల్సు చదరపు అడుగు ఎంత పెట్టి కొన్నామో గుర్తుందా?" అంది. గుర్తుంది. అందుకని ఒక్కో మేకు కింద ఒక్కో రూపాయి బిళ్ల పెట్టాను. ఆ రాత్రి ఒక పాటలో, పల్లవి తిరిగి వచ్చేచోట, గండుతుమ్మెద రెక్కలాడించినట్టు జుయ్యిమని ఒక సన్నని మోత. రికార్డింగులోనే ఉన్న లోపమనుకున్నాను. ఇన్నాళ్లూ వినిపించనిది ఇప్పుడు వినిపిస్తోందంటే అది మేకుల మహిమేనని పొంగిపోయాను. రెండు రోజుల తర్వాత ఊడుస్తూ పనమ్మాయి ఎడమ స్పీకరు వెనక బిళ్లను వేలితో తోసింది. అది జారి బయటికి వచ్చేసింది. నాలుగు మేకుల్లో ఒకటి బిళ్లను ఊరికే తాకుతూ గాలిలో నిలబడి ఉంది. మోత దానిదే. ముక్కాలిపీట ఏ గచ్చు మీదైనా ఎందుకు ఊగదో, నాలుగు కాళ్లది ఎందుకు ఊగుతుందో మా నాయనమ్మకు తెలుసు. నాకు ఆ తెలివి రూపాయికి వచ్చింది.

అసలు పెట్టె ఎంత కదులుతుందో లెక్క వేద్దామని కూర్చున్నాను. మంద్రస్వరాలు పలికే వూఫరులో ముందుకూ వెనక్కూ ఆడే కోను బరువు ముప్పై గ్రాములనుకుందాం. పెట్టె బరువు పదిహేను కిలోలు, అంటే దానికి 500 రెట్లు. కోను 5 మిల్లీమీటర్లు ముందుకు దూకితే, ఏ ఆధారమూ లేని పెట్టె వెనక్కి జరిగేది మిల్లీమీటరులో నూరోవంతు. ఈ నూరోవంతు మీదే ఒక పరిశ్రమ నిలబడి ఉంది. కళ్లతో చూసి తేల్చుకుందామని స్పీకరు నెత్తిన గుప్పెడు బియ్యం చల్లాను. 1787లో క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రవేత్త పలకల మీద ఇసుక చల్లి, అంచును ఫిడేలు కమానుతో రాసి, ఆ ఇసుక బొమ్మలుగా పేరుకోవడం లోకానికి చూపించాడు. నా బియ్యంతో ఏ బొమ్మా ఏర్పడలేదు, సోఫా కిందికి మాత్రం చాలా వెళ్లాయి. నేను స్పీకరు మీద వేసిన అక్షింతలకు బదులు మా ఆవిడ నా మీద వేసింది.

తర్వాత ద్వైతంలోకి మారాను. రబ్బరు దిమ్మెల డబ్బా మీద 'అన్ని స్పీకర్లకూ అనువైనవి' అని ఉంది. ఇక్కడే భౌతికశాస్త్రం కాస్త మొరాయిస్తుంది. రబ్బరు పనిచేయాలంటే బరువుకు అది కుంగాలి. 10 మిల్లీమీటర్లు కుంగితే దాని సహజ కంపనం, అంటే తనంతట తాను ఊగే వేగం, సుమారు 5 హెర్ట్జ్, సెకనుకు అయిదు ఊపులు. అంతకు బాగా పైనున్న స్వరాల వణుకును నేలకు చేరకుండా అది మింగేస్తుంది. అదే రాయిలాగా బిగుసుకుని మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే కుంగితే సహజ కంపనం 50 హెర్ట్జ్‌కు పోతుంది. బాసు ఉండేది సరిగ్గా ఆ ఊళ్లోనే. ఉయ్యాలను దాని ఊపు మీదే తోసినట్టు, అప్పుడా దిమ్మె వణుకును ఆపడం మాని పెంచుతుంది. నాలుగు కిలోల బుల్లి స్పీకరుకూ నలభై కిలోల బీరువాలాంటి స్పీకరుకూ ఒకే దిమ్మె ఎలా సరిపోతుందని కొట్టతన్ని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, "సార్, ముందు వినండి" అన్నాడు. మిక్సీ కింద పాత తువ్వాలు మడతపెట్టే మా అమ్మ మాత్రం మడతలు ఎక్కువో తక్కువో చూసి సర్దుతుంది.

మరో మాట. ఈ శాస్త్రమంతా మొలిచింది ఇంగ్లండులో, అమెరికాలో. అక్కడ చాలా ఇళ్లలో దూలాల మీద పరిచిన చెక్క నేల ఉంటుంది. స్పీకరు గట్టిగా మోగితే నేల కూడా తబలాలా తోడు పలుకుతుంది. అక్కడ విడదీస్తే నిజంగానే తేడా వినిపిస్తుంది. మనది అయిదంగుళాల కాంక్రీటు స్లాబు. ముప్పై గ్రాముల కోను దాన్ని ఊపడం దున్నపోతు మీద వాన లాంటిది.

దిమ్మెలు పెట్టిన వారానికి కింది మాస్టారు లిఫ్టు దగ్గర ఎదురయ్యారు. "బాబూ, స్పీకర్ల కింద ఏవో పెట్టారట, సంతోషం. మా స్టీలు గ్లాసుల స్టాండు మాత్రం ఇంకా తాళం వేస్తూనే ఉంది" అన్నారు. మంద్రస్వరం కాళ్లలోంచి మాత్రమే దిగదు. గదిలోని గాలి స్లాబును పైనుంచి తోస్తుంది, కిటికీలోంచి చుట్టు తిరిగి కూడా వెళుతుంది. ఆ గాలికి రబ్బరు తొడిగే దిమ్మె ఇంకా మార్కెట్లోకి రాలేదు. తక్కువ ఖర్చు మార్గం ఒకటుంది, వాల్యూమ్ తగ్గించడం. ఏ మతమూ దాన్ని అంగీకరించదు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటరాదని అవి చెబుతాయి. నిమజ్జనం రోజు డీజే లారీ వెళుతుంటే మా కిటికీ అద్దాలతోపాటు ఆ నిబంధనలు కూడా వణుకుతాయి. ఆ లారీకి మాత్రం నాలుగు వైపులా మంచి స్ప్రింగులున్నాయి, అది పక్కా ద్వైతి.

డబ్బాలో రెండు దిమ్మెలు మిగిలాయి. మొన్న తెల్లవారుజామున అయిదున్నరకు పై ఫ్లాటు వాషింగ్ మెషిన్ ఆఖరి చుట్టులోకి వచ్చి నా మంచంతో సహా నన్ను కదిలించింది. మనకు ఇంత జ్ఞానం ఉండి ఇరుగుపొరుగుకు పంచకపోతే ఎలా అని రెండు దిమ్మెలూ పట్టుకుని పైకి వెళ్లి తలుపు తట్టాను. ఆవిడ తలుపు తీసి, నా చేతిలోవి చూసి, ఎంతో మర్యాదగా అంది:

"అయ్యో, మా దాని కింద ఇవే ఎనిమిది ఉన్నాయండీ. మీకు కూడా వినిపిస్తోందా?"